వార్తాపత్రిక - ఆంగ్లపద సంపాదనము

పదియవ తరగతి పరీక్ష ముగిసినతోడనే మన పల్నాటి గృహములలో పుట్టు మొదటి ప్రశ్న "ఇక నే పరీక్షకు చదువవలెను?" అనునది. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు, స్టాఫ్ సెలెక్షన్ కమీషను పరీక్షలు, వానికెల్ల పైన సివిల్ సర్వీసు పరీక్ష - ఇట్లు పేర్లు వినబడుచునే యుండును. ఆ వెంటనే తలిదండ్రుల నోట వచ్చు రెండవ మాట యొకటి కలదు: "మా వానికి లెక్కలు వచ్చును గాని, ఇంగ్లీషు రాదండీ." ఈ మాటలోని దిగులు నిజమైనది. మిరపచేను మీద వచ్చిన డబ్బును గుంటూరులోను హైదరాబాదులోను నున్న శిక్షణ కేంద్రములకు కట్టి, రెండు మూడు సంవత్సరములు వేచియుండి, తుదకు ఆంగ్లభాగమున కొలది మార్కులు తక్కువై తిరిగివచ్చిన యువకులు మన గ్రామములలో లేకపోలేదు. వారు తమకు తెలివి లేదనుకొందురు. వారికి లేనిది తెలివి కాదు, మార్గము.

ఆంగ్లపదములను సంపాదించుటకు వార్తాపత్రిక మంచి సాధనమని యందరును చెప్పుదురు. అందు నాకును భేదాభిప్రాయము లేదు. కాని యే వార్తను చదువవలెను, ఎట్లు చదువవలెను అను విషయమున సామాన్యముగా నిచ్చు సలహా మన పిల్లలకు సరిపడునది కాదని నా యభిప్రాయము. దూరపు సంపాదకీయముతో గాక, మనకు తెలిసిన ప్రాంతీయ వార్తతో మొదలుపెట్టవలెను. ఆంగ్లపత్రికకు ముందు తెలుగుపత్రికను చదువవలెను. చదివినదానిని ఇంటివారికి తెలుగున చెప్పవలెను. ఈ మూడు మాటలను సమర్థించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట పరీక్షలు మననుండి యేమి కోరుచున్నవో చూతము. స్టాఫ్ సెలెక్షన్ కమీషనువారు పట్టభద్రులకు జరుపు పరీక్షలో మొదటి యంచెయందు 100 ప్రశ్నలుండగా, అందు 25 ఆంగ్లమునకు సంబంధించినవి. బ్యాంకు గుమాస్తాల ప్రాథమిక పరీక్షలో 100 ప్రశ్నలకు 30 ఆంగ్లమునకే చెందినవి. సివిల్ సర్వీసు ప్రధాన పరీక్షలో ఆంగ్లమునకు 300 మార్కుల పత్రమొకటి కలదు. ఆ మార్కులు మొత్తమున చేరవు గాని, అందు నూటికి 25 చొప్పున రానివాని తక్కిన పత్రములను లెక్కకు తీసికొనరు. ఇచ్చట తలిదండ్రులు గమనింపవలసినది యొకటి కలదు. అదే పరీక్షలో భారతీయ భాషాపత్రము గూడ 300 మార్కులకు, అదే నియమముతో నున్నది. ఆంగ్లము కొరకై తెలుగును విడిచినవాడు ఒక వాకిలి దాటి రెండవ వాకిట నిలిచిపోవును.

ఈ పరీక్షలలో పర్యాయపదములు, వ్యతిరేకార్థములు, జాతీయములు, ఖాళీలను పూరించుట, ఇచ్చిన భాగమును చదివి ప్రశ్నలకు బదులు వ్రాయుట ముఖ్యములు. వీనిలో ఖాళీల ప్రశ్నలు పదముయొక్క యర్థమును మాత్రమే యడుగవు. ఆ పదము ఏ మాటల సరసన నిలుచునో యడుగును. పదపట్టికలు తెలుపనిది సరిగా నిదియే.

బజారున దొరకు పదపట్టికల పుస్తకములు మన విద్యార్థుల చేతులలో విరివిగా కానవచ్చుచున్నవి. దినమునకు 50 మాటలు వల్లించువారిని నేనెరుగుదును. శ్రమకు వెనుదీయని యా బాలురను నేను నిందింపను. కాని 1885లోనే జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడైన ఎబింగ్‌హౌస్, అర్థములేని యక్షరములను తానే కంఠస్థము చేసి, అవి యెంతకాలము జ్ఞాపకముండునో పరీక్షించి చూచెను. ఒక దినము గడచునప్పటికే యధికభాగము మరపునకు వచ్చెను. వ్యవధినిచ్చి మరల మరల చూచినవి మాత్రము నిలిచెను. సంబంధములేని మాటలపట్టిక మన పిల్లలకు ఆ యర్థములేని యక్షరముల వంటిదే.

ఇంకొక దోషము కలదు. పట్టికలో "ఎబేట్" అనుదానికి ఎదురుగా తగ్గుట యని యుండును. "రిసీడ్" అనుదానికి తగ్గుట, "సబ్‌సైడ్" అనుదానికి తగ్గుట, "డ్విండిల్" అనుదానికిని తగ్గుటయే. విద్యార్థి నాలుగింటిని ఒకటిగా తలచి, ఖాళీలో ఏదో యొకటి వ్రాసి మార్కు పోగొట్టుకొనును. పత్రిక చదువువానికి ఈ చిక్కు లేదు. గాలివానయొక్క తీవ్రత "ఎబేట్" అగుననియు, వరదనీరు "రిసీడ్" అగుననియు, జనుల యలజడి "సబ్‌సైడ్" అగుననియు, జలాశయములోని నిలువ "డ్విండిల్" అగుననియు వాక్యములే వానికి చెప్పును. తెలుగునగూడ నిట్లే కదా! వాన వెలియును, వరద తీయును, జ్వరము విడుచును, ధర పడిపోవును. జ్వరము వెలిసినదని మన యింట నైదేండ్ల పిల్లయు ననదు. ఆమెకు ఎవ్వరును పట్టిక నిచ్చి నేర్పలేదు. మాటను దాని సహవాసముతో గూడ వినెను. ఆంగ్లపదమును గూడ నట్లే సహవాసముతో గ్రహింపవలయును.

అట్లయిన ఆంగ్లపత్రికలోని సంపాదకీయమును దినమొకటి చదువుమని శిక్షకులు చెప్పు సలహా మంచిదే కదా యని యడుగవచ్చును. 1878లో మద్రాసున వారపత్రికగా వెలసి, 1889లో దినపత్రికయైన హిందూ పత్రికయొక్క సంపాదకీయమును చదువుట మన దేశమున పరీక్షార్థులకొక వ్రతమువంటిది. పట్టభద్రుడైనవానికి ఆ సలహా తగును. తొమ్మిదవ తరగతి బాలునకు తగదు. న్యూజీలాండు దేశపు భాషాచార్యులు పాల్ నేషన్ గారు 2006లో ప్రకటించిన లెక్కను బట్టి, వార్తాపత్రికవంటి రచనను ఒరుల సాయములేక చదువుటకు 8,000 మొదలు 9,000 వరకు పదకుటుంబములు తెలిసియుండవలెను. పదకుటుంబమనగా నొక మూలపదమును, దానినుండి పుట్టిన రూపములును. మన బాలుని యొద్ద నంత ధనము లేదు. సంపాదకీయమున ప్రతి పంక్తియందును రెండు మూడు తెలియని మాటలు తగులును. దానికి తోడు విషయమును తెలియనిదే. ఏదో దూరదేశపు సంధియో, వడ్డీరేటో యైయుండును. మాటయు తెలియక, విషయమును తెలియక, వాడు మూడవ దినమున పత్రికను మడిచిపెట్టును.

ఈ సంగతిని మనకంటె ముందే కనిపెట్టినవారు కలరు. మైకేల్ వెస్టు అను ఆంగ్లేయుడు ఢాకా నగరపు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేయుచు, వంగదేశపు బాలురు ఆంగ్లము చదువుటలో పడు శ్రమను చూచి, క్రొత్తమాటలు కొలదిగా, ఒకదానికొకటి యెడముగా వచ్చునట్లు వాచకములను వ్రాసెను. 1953లో ఆయన ప్రకటించిన ముఖ్యపదముల పట్టికలో నున్నవి సుమారు 2,000 మాత్రమే. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణ కళాశాలలలో మేము నేర్చిన సూత్రము పత్రికా పఠనమునకును వర్తించును. విషయము తెలిసినదైనచో మాట తెలియకున్నను దారి దొరకును.

పల్నాటి బాలునకు తెలిసిన విషయమేది? నాగార్జునసాగరము కంటె తెలిసినది మరియేది? 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలబడిన నాటినుండి కుడి కాలువ మన ప్రాంతపు చేలకు ప్రాణమై యున్నది. జలాశయపు పూర్తి మట్టము 590 అడుగులనియు, ఆనకట్టకు 26 గేట్లు కలవనియు మాచర్ల వైపు బాలురు నిదురలో నడిగినను చెప్పుదురు. వర్షాకాలమున గేట్లెత్తిన దినమున ఆ వార్త తెలుగుపత్రికలోను ఆంగ్లపత్రికలోను తప్పక వచ్చును. ముందు తెలుగున చదువుడు. తరువాత ఆంగ్లమున చదువుడు. అప్పుడు జరుగు వింతను చూడుడు.

"ఇన్‌ఫ్లో" అని యున్నచోట లోనికి వచ్చు నీరనియు, "అవుట్‌ఫ్లో" అని యున్నచోట వెలికి పోవు నీరనియు నిఘంటువు లేకయే తెలియును. శ్రీశైలము సాగరమునకు "అప్‌స్ట్రీమ్" అనియు, పులిచింతల "డౌన్‌స్ట్రీమ్" అనియు చదివినవాడు ఆ రెండు మాటలను జన్మలో తారుమారు చేయడు. "క్యూసెక్కు" అనగా సెకండున కొక ఘనపుటడుగు నీరని తెలిసికొన్నవాడు గణితపాఠమును గూడ చదివినవాడగును. "టెయిల్ ఎండ్" అను మాటయొక్క యర్థము కాలువ చివర నీరందని రైతుబిడ్డకు ఏ యాచార్యునికంటెను బాగుగ తెలియును. "ఆయకట్టు" అను మన మాట యథాతథముగా ఆంగ్లపత్రికలో కనబడినప్పుడు బాలుని ముఖమున చిరునవ్వు దోచును. పందికొక్కు అను తెలుగుమాటయే "బ్యాండికూట్" అయి ఆంగ్ల నిఘంటువుల కెక్కినదని చెప్పినచో ఆ భాషయెడల వానికున్న భయము మరికొంత తీరును.

ఈ యొక్క వార్తనుండియే మాట శాఖలు వేయును. కాలువకట్టకు పడిన గండిని "బ్రీచ్" అందురు. అదే మాట ఒప్పందమును మీరుటకును, శాంతిభంగమునకును, నమ్మకద్రోహమునకును వాడబడును. ఒకని యాశలకు గండికొట్టుట యని మనమును అనుచునే యున్నాము కదా! కట్ట తెగుటను కన్నులార చూచినవానికి తక్కిన యర్థములు తమంతట తామే తోచును. "డిశ్చార్జి" అనగా ఆసుపత్రినుండి పంపివేయుట యని మాత్రమే మనవారెరుగుదురు. జలాశయమునుండి వదలు నీరును, అప్పు తీర్చుటయు, విధిని నెరవేర్చుటయు, తుపాకి ప్రేల్చుటయు ఆ మాటకు అర్థములే. లోపల నున్నదానిని వదలి తీరునట్లు చేయుట యను నొక్క భావము అన్నిటియందును కలదని గ్రహించిన బాలుడు ఐదు అర్థములను వేర్వేరుగా వల్లింపనక్కరలేదు.

సాగరపు వార్త యైన పిదప గుంటూరు మిరప యార్డు వార్త చదువవచ్చును. బస్తాల రాకను "ఎరైవల్స్" అందురు. సరకు మితిమీరి వచ్చుట "గ్లట్". ధర హఠాత్తుగా పడిపోవుట "స్లంప్". మన రైతులు నిత్యము కోరు గిట్టుబాటు ధర "రెమ్యునరేటివ్ ప్రైస్". ఈ మాటలు పరీక్షలలో తరచుగా కానవచ్చునవే. ఇంటి బాధతో ముడిపడియున్నందున మరపునకు రావు.

ఇంకొక మాటను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. 2024 మే నెలలో ఎన్నికల సమయమున జరిగిన యల్లరులవలన మాచర్ల, నరసరావుపేటల పేర్లు దేశమంతట పత్రికలకెక్కెను. అట్టి వార్తలలో "ఎలెజ్డ్" అను మాట తరచుగా వచ్చును. ఆరోపింపబడినది, ఇంకను ఋజువు కానిది యని దాని యర్థము. "ఎక్యూజ్డ్" అనగా నేరము మోపబడినవాడు. "కన్విక్టెడ్" అనగా న్యాయస్థానమున నేరస్థుడని నిర్ణయింపబడినవాడు. ఈ మూడింటికిని గల భేదము పరీక్షలో నొక మార్కు విలువ చేయవచ్చును. మన గ్రామములలో దానివిలువ యింకను ఎక్కువ. వినిన దానినెల్ల నిజమని చాటి కక్షలు పెంచుకొను తావున, ఋజువు కానిదానిని ఋజువు కానిదిగానే పలుకుట నేర్చిన బాలుడు అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞను పాటించినవాడగును. పదముల నేర్పు నాలుకకు నిగ్రహము నిచ్చుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

రెండు భాషలలో నొకే విషయమును ప్రక్కప్రక్కన చదువుట మన మిషను పాఠశాలలకు క్రొత్త పద్ధతి కాదు. 1842లో గుంటూరునకును, 1849లో గురజాలకును వచ్చిన ఫాదర్ హయ్యరుగారి కాలమునుండియు ఈ ప్రాంతమున సువార్తయు బడియు కలసియే నడచినవి. తెలుగు బైబిలును ఆంగ్ల బైబిలును ఎదురెదుట నుంచుకొని చదివినవారికి తలాంతుల యుపమానము తెలిసియుండును. "టాలెంటు" అనునది పూర్వమొక బరువు, ఒక ద్రవ్యపరిమాణము. సహజమైన సామర్థ్యమను నేటి యర్థము ఆంగ్లమునకు వచ్చినది ఆ యుపమానమునుండియే. మన సంఘములలో పాటపాడు బిడ్డకు మంచి తలాంతు కలదని పెద్దలనునప్పుడు, తెలియకయే ఆంగ్లపదచరిత్రమును చెప్పుచున్నారన్నమాట. బైబిలు తరగతికి రాని విద్యార్థులు రెండు భాషలలో దొరకు నే నీతికథలనైనను ఇట్లే చదువవచ్చును. పద్ధతి ముఖ్యము.

ఇక నాచరణమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. దినమునకొక్క వార్త చాలును. తెలుగున చదివి, పిదప ఆంగ్లమున రెండుమారులు చదువవలెను. తెలియని మాట కనబడినతోడనే ఫోనును వ్రేలితో తాకి యర్థము చూడరాదు. ముందు ఊహింపవలెను, ఊహ సరియో కాదో తెలిసికొనుటకు పిమ్మట నిఘంటువును చూడవలెను. ఊహించి తెలిసికొన్నది నిలుచును. ఊరక దొరికినది జారిపోవును. వార్తకు మూడు మాటలనే యెన్నుకొని, మాటను మాత్రమే గాక అది యున్న పూర్ణవాక్యమును నోటుపుస్తకమున తేదీతో వ్రాసికొనవలెను. మరునాడు, మూడవనాడు, వారము దినములకు, నెలకు వానిని మరల చూడవలెను. సంవత్సరమునకు 300 దినములు చదివిన 900 మాటలగును. ఎనిమిదవ తరగతిలో మొదలిడి ఇంటర్మీడియేటు ముగియు వరకు ఐదేండ్లలో 4,500 మాటలు. పాఠ్యపుస్తకములనుండి వచ్చినవి వీనికి తోడగును. అప్పుడు సంపాదకీయమును ముట్టవచ్చును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము చివరిది. చదివిన వార్తను సాయంకాలము తల్లికిగాని తండ్రికిగాని అవ్వకుగాని తెలుగున చెప్పవలెను. వారికి తేటగా నర్థమైనచో విద్యార్థికి అర్థమైనట్లు. వారు మరల మరల ప్రశ్నించినచో వాడింకను చదువవలసియున్నదన్నమాట. ఇంతకంటె మంచి పరీక్షను ఏ శిక్షణ కేంద్రమును పెట్టజాలదు. పది వాక్యముల వార్తను మూడు వాక్యములలో చెప్పుట అలవడినవానికి సివిల్ సర్వీసు పరీక్షలో నడుగు సంగ్రహరచన గూడ సులభమగును. అక్షరములు రాని తల్లికూడ ఈ రీతిగా బిడ్డ ఆంగ్లవిద్యలో పాలుపంచుకొనగలదు. "నాకు చదువు రాదు, నేనేమి చేయగలను?" అని వగచు తల్లులకు నా మనవి యిదియే: అమ్మా, మీరు వినుడు, తెలియనిచోట నడుగుడు. అదియే సాయము.

దీనికి చెప్పు నాక్షేపణములు రెండు మూడు కలవు. పత్రికలనిండ రాజకీయములు, హత్యలు, సినిమా సంగతులు నుండుననియు, పిల్లల మనస్సు చెడుననియు కొందరు తలిదండ్రులు వెనుదీయుదురు. వారి భయము నిష్కారణము కాదు. అందుకొరకే పత్రికయంతయు గాక, పెద్దలు గుర్తుపెట్టిన యొక్క వార్త చదివిన చాలునని చెప్పుచున్నాను. పాఠ్యపుస్తకములకే కాలము చాలదని మరికొందరందురు. ఈ పనికి అరగంటకు మించి పట్టదు; ఫోనులో నాటలకు పోవు కాలమున నాలుగవ భాగమైనను కాదు.

మూడవ యాక్షేపణము నా తోడి యుపాధ్యాయులది: పత్రికా భాషలో వ్యాకరణము సరిగా నుండదని. శీర్షికల విషయమున వారి మాట నిజము. శీర్షికలో ఆర్టికల్సును, సహాయక్రియలను విడిచిపెట్టుదురు. జరిగినదానిని జరుగుచున్నట్లు వ్రాయుదురు. "మినిస్టర్ టు విజిట్ మాచర్ల" అను శీర్షికను చూచి విద్యార్థి యట్లే వ్రాసినచో తప్పు. కాని దాని క్రింది వార్తలో "ది మినిస్టర్ విల్ విజిట్" అని పూర్ణవాక్యముండును. శీర్షికను పూర్ణవాక్యముగా మార్చి వ్రాయుటనే యభ్యాసముగా నిచ్చినచో, తప్పులు దిద్దు ప్రశ్నలకు అదియే తరిఫీదు అగును. దోషమనుకొన్నది పాఠమగును.

ఆంగ్లము నేర్చుట తెలుగును చిన్నచూపు చూచుటకు కాదని కడపట జ్ఞాపకము చేయుచున్నాను. 1895లో వినుకొండలో పుట్టిన గుఱ్ఱం జాషువగారు మనవలెనే క్రైస్తవ కుటుంబమునుండి వచ్చి, బడిలో పాఠములు చెప్పి, తెలుగు కవులలో నగ్రస్థానమును పొందిరి. ఆయన పుట్టిన ప్రాంతపు బిడ్డలు తెలుగుపత్రికను చేతబట్టుటకు సిగ్గుపడనక్కరలేదు. తెలుగున విషయమును చక్కగా గ్రహించినవాడే ఆంగ్లమున దానిని త్వరగా పట్టుకొనునని నా తరగతులలో పలుమారులు గమనించితిని.

మన పాఠశాల గ్రంథాలయములో ఒకే బల్లమీద ప్రతిదినమును ఒక తెలుగుపత్రికయు, ఒక ఆంగ్లపత్రికయు ప్రక్కప్రక్కన నుంచి, ఆనాడు చదువదగిన వార్తను రెంటిలోను ఎర్రసిరాతో గుర్తుపెట్టుట కష్టమైన పని కాదు. ఆ గుర్తుపెట్టు పనిని ఉపాధ్యాయులము వంతులవారీగా చేయవచ్చును. ప్రధానోపాధ్యాయులవారును, మిషను పెద్దలును ఈ సూచనను ఆలోచింప ప్రార్థించుచున్నాను. విద్యార్థులారా, బల్ల వచ్చువరకు వేచియుండనక్కరలేదు. వీధి చివర టీ దుకాణములోనైనను తెలుగుపత్రిక దొరకును. ఆంగ్లపత్రికను ఫోనులోనైనను చూడవచ్చును. రేపటి యుదయము సాగరపు నీటిమట్టమును గూర్చిన వార్త వచ్చినదేమో చూచి, అందు మూడు మాటలు వ్రాసికొని, సాయంకాలము మీ యమ్మగారికి చెప్పుడు.